ఎస్టర్ ఎక్కడ పోయింది? ఎస్టరీకరణ ప్రయోగం చెడితే దశలవారీగా వెతికే పద్ధతి

"సార్, వాసనొచ్చింది గానీ సరుకు రాలేదు."

అనంతపురం వైపు డిగ్రీ కెమిస్ట్రీ ల్యాబుల్లో ఎస్టర్ (ఆమ్లం, ఆల్కహాల్ కలిసి ఏర్పడే పదార్థం) తయారీ చేయించే రోజు ఈ మాట తప్పకుండా వినబడుతుంది. గది నిండా అరటిపండు వాసన ఉంటుంది. బీకరులో చూస్తే రెండు మూడు మి.లీ. మసక ద్రవం ఉంటుంది. చర్య జరగలేదు, మళ్లీ మొదటి నుంచి చేయాలని విద్యార్థి వెంటనే అనుకుంటాడు. చాలాసార్లు అది నిజం కాదు. చర్య బాగానే జరిగి ఉంటుంది, తయారైన ఎస్టరే ఆ తర్వాత ఎక్కడో పోయి ఉంటుంది. సింకులోకి పోయిందా, కడిగిన నీళ్లలో కలిసిందా, కండెన్సర్ పైనుంచి ఆవిరైందా, డిస్టిలేషన్ ఫ్లాస్కులోనే మిగిలిందా అని వెతకాలి. ఎక్కడ పోయిందో తెలియకుండా మళ్లీ చేస్తే మళ్లీ అక్కడే పోతుంది.

అందుకే మొదటి నియమం: ఎస్టర్ చేతికొచ్చి, బరువు చూసి, లెక్క కుదిరేదాకా ఏ పొరనూ పారబోయవద్దు. ప్రతి బీకరు మీద "మొదటి నీటి పొర", "బైకార్బనేట్ పొర 1" అని రాసి పక్కన పెట్టండి. ఈ అలవాటు ఒక్కటి ఉంటే చెడిన ప్రయోగాల్లో చాలావాటిని అదే రోజు బాగు చేసుకోవచ్చు.

ఇక్కడ ప్రధానంగా అరటిపండు వాసన ఉండే ఐసోఎమైల్ ఎసిటేట్‌ను తీసుకుంటున్నాను. మిగతా ఎస్టర్లకు తేడా ఉన్నచోట చెబుతాను. కొలతలు ఇవి: ఐసోఎమైల్ ఆల్కహాల్ 15 మి.లీ., గ్లేసియల్ (దాదాపు నీరు లేని) ఎసిటిక్ ఆమ్లం 20 మి.లీ., గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం 4 మి.లీ. కళ్లకు గాగుల్స్ లేకుండా సల్ఫ్యూరిక్ ఆమ్లం సీసా ముట్టుకోవద్దు. ఆల్కహాల్, ఎసిటిక్ ఆమ్లం, ఎస్టర్ మూడూ మండేవే కాబట్టి దగ్గర్లో మంట ఉండకూడదు.

ముందు లెక్క: ఎంత రావాలి?

ఎంత రావాలో తెలియకపోతే ఎంత పోయిందో తెలియదు. 15 మి.లీ. ఐసోఎమైల్ ఆల్కహాల్ బరువు సుమారు 12.2 గ్రాములు, అంటే 0.138 మోల్. 20 మి.లీ. ఎసిటిక్ ఆమ్లం 21 గ్రాములు, అంటే 0.35 మోల్. తక్కువున్నది ఆల్కహాల్ కాబట్టి లెక్క దాని మీదే వేయాలి. అదంతా ఎస్టర్‌గా మారితే 17.9 గ్రాములు రావాలి.

కానీ అంతా మారదు. ఎమిల్ ఫిషర్, ఆర్థర్ స్పైయర్ 1895లో ప్రచురించిన ఈ పద్ధతిలో జరిగేది ద్విగత చర్య. ఎస్టర్, నీరు ఏర్పడుతుంటే అవే తిరిగి ఆమ్లం, ఆల్కహాల్‌గా మారుతుంటాయి. రెండు వైపులా ఒకే వేగంతో సాగే స్థితే సమతాస్థితి. ఇలాంటి మామూలు ఆల్కహాళ్లకు సమతాస్థితి స్థిరాంకం సుమారు 4. ఆమ్లం, ఆల్కహాల్ సమాన మోల్‌లు తీసుకుంటే ఎంతసేపు మరిగించినా 67 శాతం దగ్గర ఆగిపోతుంది. ఆమ్లాన్ని రెండున్నర రెట్లు తీసుకున్నందుకు మన కొలతల్లో అది 88 శాతానికి, అంటే 15.8 గ్రాములకు చేరుతుంది. ఆపైన కడగడంలో, డిస్టిలేషన్‌లో పోయేది పోను 11, 12 గ్రాములు చేతికొస్తే విద్యార్థికి అది మంచి దిగుబడే. రికార్డులో 95 శాతం రాసి ఉంటే నాకు అనుమానం వస్తుంది.

సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉత్ప్రేరకం. చర్యను వేగంగా సమతాస్థితికి చేరుస్తుంది, ఏర్పడిన నీటిలో కొంత తనవైపు లాక్కుంటుంది. దిగుబడి తగ్గిందని దాన్ని రెట్టింపు పోస్తే మిశ్రమం నల్లబడటం తప్ప పెద్దగా ఒరిగేదేమీ ఉండదు.

సీసాల దగ్గర అనుమానం

"ఫ్లాస్కు తడిగా ఉండింది సార్, అందుకే రాలేదు" అనేది తరచూ వినే కారణం. లెక్క వేసి చూడండి. ఫ్లాస్కులో 1 మి.లీ. నీరు మిగిలి ఉంటే సమతాస్థితి 88 నుంచి 84 శాతానికి దిగుతుంది. నష్టం ముప్పావు గ్రాము లోపే. ఆరిన ఫ్లాస్కు వాడటం మంచి అలవాటే గానీ, పది గ్రాములు మాయమైతే తప్పు తడి ఫ్లాస్కుది కాదు.

అసలు ప్రమాదం సీసా మారిపోవడంలో ఉంది. గ్లేసియల్ బదులు 33 శాతం ఎసిటిక్ ఆమ్లం 20 మి.లీ. పోశారనుకోండి. దాంతోపాటు పధ్నాలుగు గ్రాముల దాకా నీరు పోసినట్టే. అప్పుడు సమతాస్థితి 27 శాతం దగ్గరే నిలిచిపోతుంది. అనుమానం ఉంటే తేలికైన పరీక్ష ఉంది. పరీక్షనాళికలో కొద్దిగా ఆమ్లం తీసుకుని ఐసు నీళ్లలో పెట్టి, గాజు కడ్డీతో లోపలి గోడను గీకండి. గ్లేసియల్ ఆమ్లం 16.6 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. 33 శాతం ఆమ్లం ఐసులో ఎంతసేపు పెట్టినా ద్రవంగానే ఉంటుంది.

డిసెంబరు, జనవరి పొద్దుటి ల్యాబుల్లో ఇదే గుణం ఇంకోలా ఇబ్బంది పెడుతుంది. సీసాలో సగం గడ్డకట్టి ఉంటే పైనున్న ద్రవాన్ని మాత్రం వంచుకుని కొలిచేస్తారు. అలా వంపుకోకూడదు. సీసాలో ఉన్న నీరంతా గడ్డకట్టని ఆ ద్రవంలోనే చేరుతుంది. మూత కాస్త వదులు చేసి, సీసాను గోరువెచ్చని నీళ్లలో పెట్టి, మొత్తం కరిగాక కలిపి కొలవండి.

సల్ఫ్యూరిక్ ఆమ్లం విషయంలో బెంచి మీదున్న సజల ఆమ్లం సీసాను తీసుకోవడం మామూలు పొరపాటు. దీన్ని తూకం పట్టిస్తుంది. 4 మి.లీ. గాఢ ఆమ్లం 7.3 గ్రాములు తూగుతుంది. సజల ఆమ్లమైతే నాలుగు గ్రాముల పైన కొంచెం ఉంటుంది, అంతే.

రిఫ్లక్స్: నలుపు, ఆవిరి, గడియారం

రిఫ్లక్స్ అంటే ఆవిరి కండెన్సర్‌లో చల్లబడి తిరిగి ఫ్లాస్కులోకే పడేలా మరిగించడం. ఆల్కహాల్, ఎసిటిక్ ఆమ్లం కలిపాక సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని కొద్దికొద్దిగా, ఫ్లాస్కును తిప్పుతూ పోయండి. ఒక్కసారిగా పోస్తే అది బరువుకు అడుగుకు చేరి కూర్చుంటుంది. కింద వేడి తగలగానే ఆ పొర దగ్గర ఆల్కహాల్ మాడిపోయి ద్రవం నల్లబడుతుంది. లేత పసుపు, తేనె రంగు, లేత గోధుమ రంగు వస్తే భయపడాల్సిన పనిలేదు. తారులా నల్లగా చిక్కబడితే ఆపేయండి. కలపకుండా వేడి చేశారనో, మాంటిల్ (ఫ్లాస్కును వేడిచేసే విద్యుత్ హీటర్) మరీ ఎక్కువ పెట్టారనో అర్థం.

ద్రవం ఎగసిపడకుండా సాఫీగా మరగడానికి వాడే పింగాణీ ముక్కలు వేడి పెట్టకముందే వేయాలి. మర్చిపోతే మాంటిల్ ఆపి, ద్రవం బాగా చల్లారాక వేయండి. మరుగుతున్న ద్రవంలో వేస్తే ఒక్కసారిగా పొంగి మీదికి చిమ్ముతుంది.

కండెన్సర్‌లోకి నీరు కింది గొట్టం నుంచి వెళ్లి పై గొట్టం నుంచి రావాలి. ఆవిరి చల్లబడి చుక్కలయ్యే తడి వలయం కండెన్సర్ కింది మూడో వంతులో ఉంటే వేడి సరిగ్గా ఉన్నట్టు. అది సగం దాటి పైకి ఎక్కుతోందంటే ఎస్టర్ గాలిలోకి పోతోంది. గది నిండా ఘుమఘుమలాడే వాసన మీ దిగుబడే.

మన ఊళ్లలో దీనికి ఇంకో కారణం ఉంది. ఏప్రిల్ మధ్యాహ్నం మేడ మీది ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు చేయి పెడితే చురుక్కుమంటాయి. 142 డిగ్రీల దగ్గర మరిగే ఐసోఎమైల్ ఎసిటేట్‌కు ఆ నీళ్లు కూడా సరిపోతాయి. 77 డిగ్రీలకే మరిగే ఇథైల్ ఎసిటేట్‌కు సరిపోవు. బకెట్టులో ఐసు నీళ్లు పోసి, ఎయిర్ కూలర్‌లో వాడే చిన్న పంపు అందులో ముంచి, ఆ నీటినే కండెన్సర్ గుండా తిప్పండి. ట్యాంకు నీళ్లూ మిగులుతాయి, ఎస్టరూ మిగులుతుంది. ఇథైల్ ఎసిటేట్ చేయించాల్సి ఉంటే వేసవిలో పొద్దున బ్యాచికి పెట్టుకోవడం ఇంకా మేలు.

సమయాన్ని స్విచ్ వేసినప్పటి నుంచి కాదు, కండెన్సర్ నుంచి మొదటి చుక్క తిరిగి ఫ్లాస్కులో పడినప్పటి నుంచి లెక్కపెట్టండి. అక్కడి నుంచి గంట. మధ్యలో కరెంటు పోతే ఆ సేపు లెక్కలోకి రాదు. నీళ్లు ఆగిపోతే మాత్రం ముందు మాంటిల్ ఆపాలి, తర్వాతే కుళాయి సంగతి చూడాలి. పీరియడ్ అయిపోయిందని సగంలో దించేయాల్సి వస్తే, చల్లారాక ఫ్లాస్కుకు మూత పెట్టి మర్నాటికి ఉంచండి. చర్య నెమ్మదిగా ముందుకే పోతుంది తప్ప తయారైన ఎస్టర్ చెడిపోదు.

సెపరేటింగ్ ఫన్నెల్: ఎక్కువగా పోయేది ఇక్కడే

ఇక్కడ తొందర పనికిరాదు. చల్లారిన మిశ్రమాన్ని 50 మి.లీ. చల్లటి నీళ్లతో సెపరేటింగ్ ఫన్నెల్‌లో (కలవని రెండు ద్రవాల పొరలను అడుగు స్టాప్‌కాక్ నుంచి వేరుచేసే గాజు పాత్ర) పోయండి. సల్ఫ్యూరిక్ ఆమ్లం, మిగిలిన ఎసిటిక్ ఆమ్లంలో ఎక్కువ భాగం నీళ్లలోకి దిగిపోతాయి.

ఏ పొర ఎస్టర్‌ది? "ఎస్టర్ పైన తేలుతుంది" అని బట్టీపట్టిన వాళ్లు ఇక్కడ దెబ్బతింటారు. ఐసోఎమైల్ ఎసిటేట్ సాంద్రత 0.87, ఇథైల్ ఎసిటేట్‌ది 0.90. ఇవి రెండూ పైనే ఉంటాయి. సాలిసిలిక్ ఆమ్లం ఎస్టరైన మిథైల్ సాలిసిలేట్ సాంద్రత 1.17, కాబట్టి అది నీటి అడుగున చేరుతుంది. అడుగు పొరను సింకులో వదిలేసి, పైనున్న ఉత్త నీళ్లను జాగ్రత్తగా కడిగి, ఆరబెట్టి, డిస్టిల్ చేసే విద్యార్థులు ఉంటారు. వాళ్ల థర్మామీటర్ 100 దగ్గర నిలబడుతుంది.

ఇథైల్ బెంజోయేట్ ఇంకా తిప్పలు పెడుతుంది. దాని సాంద్రత 1.05. మామూలు నీళ్లలో అడుగుకు దిగుతుంది. 5 శాతం బైకార్బనేట్ ద్రావణం సాంద్రత దానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి ఎటూ తేలక మధ్యలో గుండ్లుగా వేలాడుతుంది. సుమారు 1.2 సాంద్రత ఉన్న సంతృప్త ఉప్పునీళ్లు పోస్తే పైకి వచ్చేస్తుంది. అంటే ఒకే ప్రయోగంలో కడిగే ద్రావణాన్ని బట్టి పొరలు తారుమారవుతాయి. మిథైల్ సాలిసిలేట్‌కు సంతృప్త ఉప్పునీళ్లే వాడొద్దు, రెండింటి సాంద్రతలూ దాదాపు ఒకటే.

కాబట్టి గుర్తుపెట్టుకోవడం కన్నా ప్రతిసారీ పరీక్షించడం నయం. ఫన్నెల్ పైనుంచి డ్రాపర్‌తో నాలుగు చుక్కల నీళ్లు వేసి చూపు తిప్పకుండా గమనించండి. చుక్క పై పొరలోనే కలిసిపోతే పైది నీటి పొర. గుండ్రంగా పై పొరను దాటుకుంటూ కిందికి జారి అక్కడ కలిసిపోతే కింది పొర నీటిది. పది సెకన్ల పని ఇది.

తర్వాత 5 శాతం సోడియం బైకార్బనేట్ ద్రావణం 25 మి.లీ. చొప్పున రెండు మూడుసార్లు. మొదటి నీటి కడుగును వదిలేసి నేరుగా బైకార్బనేట్ పోస్తే ఏమవుతుందో లెక్క చెబుతుంది. మిగిలిన 0.23 మోల్ ఎసిటిక్ ఆమ్లం ఒక్కటే ఐదు లీటర్లకు పైగా కార్బన్ డయాక్సైడ్‌ను వదలగలదు. చిన్న ఫన్నెల్‌లో అంత వాయువు పుడితే మూత ఎగిరిపోతుంది, దాంతోపాటు ఎస్టరూ చిమ్ముతుంది. నీటితో కడిగాక కూడా బైకార్బనేట్ పోసి, మూత పెట్టకుండా నురగ తగ్గేదాకా తిప్పండి. తర్వాతే మూత పెట్టి, ఫన్నెల్‌ను తలకిందులు చేసి, కాడ ఎవరి మొహం వైపూ లేకుండా చూసుకుని స్టాప్‌కాక్ తెరిచి వాయువు వదలండి. బుస్సుమనడం ఆగేదాకా ఇలాగే చేయాలి. కిందికి దించిన బైకార్బనేట్ పొరలో ముంచిన నీలి లిట్మస్ ఎర్రబడకపోతే ఆమ్లం పోయినట్టు.

త్వరగా అవుతుందని సోడియం హైడ్రాక్సైడ్ వాడొద్దు. అది ఆమ్లంతో ఆగదు, ఎస్టర్‌నే విడగొడుతుంది. మిథైల్ సాలిసిలేట్‌లోనైతే ఫినాల్ భాగంతో చర్య జరిపి ఎస్టర్ మొత్తాన్ని నీటి పొరలోకి లాగేస్తుంది.

పొరల మధ్య తెల్లటి తెట్టు కడితే ద్రావణాలు ఏ నీళ్లతో కలిపారో అడగండి. అనంతపురం బోరు నీళ్లు చాలాచోట్ల బాగా కఠినమైనవి. వాటిలో బైకార్బనేట్ బదులు సోడియం కార్బనేట్ వేస్తే కాల్షియం కార్బనేట్ ఏర్పడి ద్రావణం పాలలా మారుతుంది. ఆ పొడి రెండు పొరల మధ్య చేరి, అవి విడిపోకుండా చేస్తుంది. ద్రావణాలన్నీ స్వేదన జలంతోనే చేయండి. గట్టిగా ఊపడం వల్ల చిక్కబడిన ఎమల్షన్ (రెండు ద్రవాలు సన్న చుక్కలుగా కలిసిపోయిన మిశ్రమం) అయితే చిటికెడు ఉప్పు వేసి, మెల్లగా తిప్పి, పది నిమిషాలు వదిలేయండి.

ఇథైల్ ఎసిటేట్ చేసేవాళ్లు ఇంకో సంగతి తప్పక తెలుసుకోవాలి. అది నీళ్లలో బాగానే కరుగుతుంది, 100 మి.లీ.కి సుమారు 8 గ్రాములు. మీ దగ్గర 15 మి.లీ. ఎస్టర్ ఉంటే దాని బరువు 13.5 గ్రాములు. శుభ్రంగా కడగాలని 50 మి.లీ. నీళ్లతో మూడుసార్లు కడిగితే, ఆ 150 మి.లీ. నీళ్లు 12 గ్రాముల దాకా కరిగించుకోగలవు. తప్పేమీ చేయకుండానే దాదాపు మొత్తం పోగొట్టుకోవచ్చు. దీనికి కొద్ది పరిమాణంలో ఉప్పునీళ్లే వాడండి. ఇప్పటికే నీళ్లతో కడిగేసి ఉంటే, దాచిపెట్టిన ఆ నీటి పొరలో కరిగినంత ఉప్పు కరిగించండి. పోయిందనుకున్న ఎస్టర్‌లో మంచి భాగం పైకి తేలి రావడం కళ్లారా చూస్తారు.

మసక, ఆపై థర్మామీటర్

వేరు చేసిన ఎస్టర్ మసకగా ఉంటే అందులో నీరుంది. నిర్జల సోడియం సల్ఫేట్ కొద్దికొద్దిగా వేయండి. మొదట వేసింది ఉండకడుతుంది. కొత్తగా వేసిన పలుకులు అడుగున విడివిడిగా కదులుతుంటే చాలు. పావుగంట ఉంచితే ద్రవం తేటపడుతుంది. గుప్పెళ్లతో పోస్తే ఆ పొడే ఎస్టర్‌ను పీల్చుకుంటుంది.

ఈ దశలో ఒకసారి తూకం వేసి రాసుకోండి. చాలామంది ఇది వదిలేస్తారు. తర్వాత కారణం వెతకడానికి దారి చూపేది ఈ ఒక్క అంకే.

డిస్టిలేషన్‌లో థర్మామీటర్ బల్బు పైకొస పక్కగొట్టం కింది అంచుకు సమంగా ఉండాలి. ఇంకా పైకి ఉంటే ఆవిరి బల్బును సరిగా తాకక తక్కువ చూపిస్తుంది. 100 లోపు ద్రవం వస్తుంటే అందులో నీరు మిగిలి ఉంది. 118 చుట్టూ వస్తుంటే ఎసిటిక్ ఆమ్లం సరిగా కడగలేదు. 131 దగ్గర చాలాసేపు నిలిస్తే చర్య జరగని ఆల్కహాల్. 136 నుంచి 143 మధ్య వచ్చేదాన్ని ముందే తూచిన ఫ్లాస్కులో పట్టండి. ఆల్కహాల్‌కూ ఎస్టర్‌కూ మధ్య 11 డిగ్రీల తేడానే ఉంది, మామూలు డిస్టిలేషన్ దాన్ని పూర్తిగా వేరు చేయలేదు. మొదట ఆల్కహాల్‌ను కాకుండా ఆమ్లాన్ని ఎక్కువగా తీసుకున్నది ఇందుకే. మిగిలిన ఆమ్లం బైకార్బనేట్‌తో కడిగితే పోతుంది, మిగిలిన ఆల్కహాల్ అంత సులభంగా పోదు. అనంతపురం సముద్రమట్టానికి సుమారు 335 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి పుస్తకంలోని అంకె కన్నా ఒకటి రెండు డిగ్రీలు తక్కువ చూపిస్తే అది దోషం కాదు.

రెండు తూకాలు ఏం చెబుతాయి

ఆరబెట్టాక 14 గ్రాములుండి, డిస్టిలేషన్ తర్వాత 6 వచ్చిందా? చర్యలో తప్పు లేదు. పెద్ద ఫ్లాస్కులో కొద్ది ద్రవం డిస్టిల్ చేసి ఉంటారు, లేదా మొదట పట్టిన పాయలోకి, అంటే 136 లోపు వచ్చిన భాగంలోకి, ఎస్టర్ కూడా పోయి ఉంటుంది. ఆ పాయను మళ్లీ చూడండి. ఆరబెట్టినప్పుడే 6 గ్రాములుందా? అయితే నీటి పొరలు తీయండి, పొర మారిందేమో పరీక్షించండి. అక్కడా లేకపోతే అప్పుడు సీసాలను, రిఫ్లక్స్ సమయాన్ని అనుమానించండి. 131 దగ్గర ఎంత వచ్చిందో చూస్తే చర్య ఎంతవరకు జరిగిందో తెలుస్తుంది. దిగుబడి 100 దాటితే అందులో నీరో ఆమ్లమో ఉంది. మళ్లీ కడిగి ఆరబెట్టండి.

వచ్చిన అంకెనే రికార్డులో రాయండి. 35 శాతం వచ్చి, మిగతాది ఏ దశలో పోయిందో రెండు తూకాలతో చూపిస్తే, వైవాలో ఎక్స్‌టర్నల్ ఏ ప్రశ్న వేసినా నిలబడి జవాబు చెప్పగలుగుతారు. పక్కవాడి 68 శాతం ఎత్తి రాసుకుంటే రెండో ప్రశ్నకే దొరికిపోతారు.

ఇంటర్ పరీక్షనాళికలో వాసన రాకపోతే

ఇంటర్ ప్రాక్టికల్స్‌లో ఇదే చర్య ఆమ్ల సమూహానికి, ఆల్కహాల్‌కు పరీక్షగా వస్తుంది. 1 మి.లీ. ఆమ్లం, 1 మి.లీ. ఆల్కహాల్, మూడు నాలుగు చుక్కల గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి 60, 70 డిగ్రీల నీళ్లలో ఐదు నిమిషాలు పెట్టండి. నేరుగా మంట మీద పెడితే ఇథైల్ ఎసిటేట్ ఎగిరిపోతుంది, అంటుకునే ప్రమాదం కూడా ఉంది.

వెనిగర్ ఘాటు తప్ప పండు వాసన రావడం లేదంటే ఎస్టర్ లేదని కాదు. మిగిలిన ఆమ్లం ఘాటు దాన్ని కప్పేస్తుంది. నాళికలోని ద్రవాన్ని సోడియం కార్బనేట్ ద్రావణం ఉన్న చిన్న బీకరులో పోయండి. ఆమ్లం నురగతో పోతుంది, ఎస్టర్ పైన పల్చగా పరుచుకుంటుంది, అప్పుడు వాసన విడిగా తెలుస్తుంది. ముక్కు దగ్గరికి తీసుకెళ్లకుండా చేత్తో విసురుకుని చూడండి. సాలిసిలిక్ ఆమ్లం, మిథనాల్‌తో చేస్తే పండు వాసన రాదు, నొప్పుల బామ్ వాసన వస్తుంది. అది సరైన ఫలితమే. అందులో ఫెర్రిక్ క్లోరైడ్ వేసి ఊదారంగు వచ్చిందని సాలిసిలిక్ ఆమ్లం మిగిలిపోయిందని తేల్చేయొద్దు, మిథైల్ సాలిసిలేట్‌కు కూడా ఆ రంగు వస్తుంది.

ఐసోఎమైల్ ఎసిటేట్ గురించి ఒక జాగ్రత్త. తేనెటీగ కుట్టినప్పుడు తోటి ఈగలను రెచ్చగొట్టడానికి వదిలే వాసనలో ముఖ్య పదార్థం ఇదే. కాలేజీ చూరుకు తేనెతుట్టె వేలాడుతుంటే ఆ వైపు కిటికీ దగ్గర ఈ సీసా మూత తీయకండి.

లవణ విశ్లేషణలో ఎసిటేట్‌కు ఇదే పరీక్ష చేసేటప్పుడు లవణాన్ని నీళ్లలో కరిగించి చేయడం వల్లే ఎక్కువమందికి వాసన రాదు. పొడి లవణం మీదే ఇథనాల్, ఆపై గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం చుక్కలు వేసి, వేడి నీళ్లలో పెట్టి, తర్వాత కార్బనేట్ ద్రావణంలో పోయండి.